తెలిసి చెప్పడం, తెలిసి ఊరుకోవడం

సినిమా కంటే ముందు సినిమా సంగీతాన్ని వినేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు కథ తెలియనక్కర్లేదు, హీరో ఎవరో పట్టదు. సంగీతం ఎవరన్న ఒక్క లైను చూసి నెలల తరబడి కాచుకుంటారు. ఆ లైనులో జాన్ విలియమ్స్ పేరుంటే సరేసరి. అయినా ‘స్టార్ వార్స్’ కోసం కాచుకోవడం వేరు, ఒక డ్రామా కోసం కాచుకోవడం వేరు. మొదటిదానిలో ఏం దొరుకుతుందో ముందే తెలుసు. ట్రంపెట్లు మోగుతాయి, పాత థీమ్‌లు పలకరిస్తాయి, రెండో మూడో కొత్తవి వచ్చి చేరతాయి. డ్రామాలో ఆ హామీ లేదు. ఒక ఇల్లు, నలుగురు మనుషులు, వాళ్ల మధ్య మాటలు. అక్కడ పెద్దాయన ఎంత మాట్లాడతారు, ఎక్కడ ఊరుకుంటారు అన్నదే ఉత్కంఠ.

ఆ ఉత్కంఠ రెండుసార్లు బాగా ముదిరింది. 2013లో ‘ది బుక్ థీఫ్’కి, 2022లో ‘ది ఫేబుల్‌మన్స్’కి. రెండూ పిల్లల కళ్లతో చూసిన కథలే. రెంటిలోనూ పియానోదే పెద్దపీట. రెండూ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాయి. మొదటిది స్టీవెన్ ప్రైస్ ‘గ్రావిటీ’ చేతిలో ఓడింది, రెండోది ‘ఆల్ క్వయెట్ ఆన్ ది వెస్ట్రన్ ఫ్రంట్’ సంగీతానికి దారిచ్చింది. పైపైన వింటే ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. సినిమాతో కలిపి వింటే మాత్రం ఒకదాని తీరు ఇంకోదానికి పూర్తిగా ఎదురు. నా లెక్కలో మొదటిది గొప్ప ఆల్బం, ఓ మోస్తరు సినిమా సంగీతం. రెండోది చిన్న ఆల్బం, పెద్ద సినిమా సంగీతం. ఎందుకంటారా, పని మొదలుపెట్టేనాటికి విలియమ్స్‌కి ఏం తెలుసు అన్నది ముందు చూడాలి.

2013 సంగతి తీసుకుందాం. విలియమ్స్‌కి అప్పుడు 81 ఏళ్లు. అంతకు ముందు రెండేళ్లలో ‘టిన్‌టిన్’, ‘వార్ హార్స్’, ‘లింకన్’ వరసగా వచ్చాయి, మూడూ స్పీల్‌బర్గ్‌వే. ఆ జూలైలో ‘స్టార్ వార్స్’ ఏడో భాగానికి కూడా ఆయనే అన్న కబురొచ్చింది. అభిమానులు ఆ సంబరంలో ఉండగా మధ్యలో ఈ చిన్న సినిమా పేరు వినపడింది. దర్శకుడు బ్రయన్ పెర్సివల్, ‘డౌన్‌టన్ ఆబీ’ టీవీ సీరియల్‌తో పేరు తెచ్చుకున్నవాడు. స్పీల్‌బర్గ్ తీయని సినిమాకి విలియమ్స్ పనిచేయడం 2005లో వచ్చిన ‘మెమొయిర్స్ ఆఫ్ ఎ గీషా’ తర్వాత మళ్లీ ఇదే. స్నేహితుడి మొహమాటం లేదు, పాత సిరీస్ బాకీ లేదు. మరెందుకు ఒప్పుకున్నట్టు? సినిమాకి మూలమైన మార్కస్ జూసాక్ నవల ఆయన అంతకు ముందే చదివారు, నచ్చింది. జవాబు అంతే.

అభిమానులకు ఇది ముచ్చటగా అనిపించింది. తిరకాసు అక్కడే ఉందని నాకనిపిస్తుంది. విలియమ్స్‌కి స్క్రిప్టు చదివే అలవాటు లేదు. సినిమాను మొదటిసారి మామూలు ప్రేక్షకుడిలా చూడాలని ఆయన పట్టుదల. ఎక్కడ ఉలిక్కిపడ్డాం, ఎక్కడ మనసు జారిపోయింది అన్నది ఆ మొదటి చూపులోనే తెలుస్తుందని నమ్మకం. ‘బుక్ థీఫ్’తో ఆ అవకాశం ముందే పోయింది. ఎవరు పోతారో, ఎవరు మిగులుతారో, బాంబు ఏ వీధి మీద పడుతుందో తెలిసే ఆయన తెర ముందు కూర్చున్నారు. పైగా ఈ కథ చెప్పేది మృత్యువు. ఆయనకీ అన్నీ ముందే తెలుసు. అన్నీ తెలిసిన కథకుడికి అన్నీ తెలిసిన సంగీతం తోడైంది.

సినిమా మొదలు చూడండి. మంచు, పొగబండి, ఒక పెట్టెలో తల్లి, ఇద్దరు పిల్లలు. తమ్ముడు దారిలోనే చనిపోతాడు. లీజెల్ అనే ఆ పిల్ల కొత్త ఊరికి, కొత్త అమ్మానాన్నల దగ్గరికి ఒక్కత్తే చేరుతుంది. ‘వన్ స్మాల్ ఫ్యాక్ట్’ అనే మొదటి ట్రాక్ ఇక్కడిది. పియానో ఒక చిన్న మెలికను తిప్పుకుంటూ మొదలవుతుంది, కింద తీగవాద్యాలు మెల్లగా పరుచుకుంటాయి. అందమైన స్వరరచన, సందేహం లేదు. కానీ ఆ క్షణంలో ఆ పిల్లకు ఏం జరుగుతోందో దానికే తెలియదు. భయం, చలి, అయోమయం. సంగీతం మాత్రం అప్పటికే ఈ జీవితమంతా చూసేసి, దుఃఖాన్ని దిగమింగి, మనల్ని ఓదార్చే స్థితికి వచ్చేసింది. హాల్లో మన పక్క సీటువాడు ఆ సినిమా ముందే చూసి ఉంటాడు. తెర మీద హీరోయిన్ ఇంకా నవ్వుతుండగానే ‘ప్చ్’ అని నిట్టూరుస్తాడు. ‘బుక్ థీఫ్’ మొదటి అరగంట సంగీతం నాకు అలాంటి నిట్టూర్పులా వినిపిస్తుంది. దురుద్దేశం లేదు, ప్రేమే. కానీ మనం అనుభవించాల్సింది అతను ముందే అనుభవించేశాడు.

అలాగని తేలిగ్గా తీసిపారేసే పని కాదిది. అభిమానులు ఇందులో రెండో ‘షిండ్లర్స్ లిస్ట్’ వస్తుందని ఆశపడ్డారు. అదే నాజీ పాలన, అదే కాలం, అదే సంగీత దర్శకుడు. 1993 నాటి ఆ సినిమాలో ఇట్జాక్ పర్ల్‌మన్ వయొలిన్ ఒక జాతి గొంతుగా పలికింది. ‘బుక్ థీఫ్’లో విలియమ్స్ ఆ దారి తొక్కలేదు. వయొలిన్‌ను వెనక్కి జరిపి పియానో, ఓబో, హార్ప్‌లను ముందుకు తెచ్చారు. ఇది ఒక చిన్న పిల్ల కథ, ఆమె చుట్టూ ఉన్న ఒక వీధి కథ, అంతకు మించి బరువు దీని మీద పెట్టకూడదన్న ఎరుక ఆ ఎంపికలో ఉంది. ఆశపడినవాళ్లు కొంత డీలా పడ్డారు. ఆయన చేసిందే సబబు.

ఈ సంగీతంలో అన్నిటికంటే సజీవమైన చోటు చదువు. పెంపుడు తండ్రి హాన్స్, లీజెల్ కలిసి నేలమాళిగ గోడల మీద మాటలు రాసుకుంటూ పోతారు, గోడే నిఘంటువు అవుతుంది. ‘లర్నింగ్ టు రీడ్’ ట్రాక్‌లో పియానో, గాలివాద్యాలు చిన్న చిన్న అడుగులతో పైకెక్కుతాయి, ఒక అడుగు తడబడి మళ్లీ ఎత్తుకుంటాయి. అక్షరం కూడబలుక్కునే పిల్ల నోటి కదలిక అందులో ఉంది. దీనికి ఒక తాత ఉన్నాడు. 1990లో మార్టిన్ రిట్ తీసిన ‘స్టాన్లీ అండ్ ఐరిస్’. చదువురాని ఒక కార్మికుడికి ఒక స్త్రీ చదువు నేర్పే కథ, సంగీతం విలియమ్స్‌దే. అక్కడా పియానోనే, అక్కడా ఆ మొహమాటపు అడుగులే. చదవడం నేర్చుకోవడం అనేది తెర మీద ఏమీ జరగనట్టే ఉండే పని. దాన్ని సంగీతంగా మార్చడం ఆయనకు ముందునుంచీ చేతనవును. ఈ రెండు సినిమాలూ ఒకదాని తర్వాత ఒకటి విన్నవాళ్లకు ఆ చేతి వాలు ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడ సంగీతం ముందుకు పరిగెత్తి చివర ఏమవుతుందో చెప్పదు. పిల్ల ఎంత దూరం వెళ్లిందో అంతే వెళుతుంది. సినిమా అంతా ఇలాగే ఉంటే ఎంత బాగుండేది.

అలా లేదు. బాంబులు పడ్డ రాత్రి తర్వాత వీధంతా కూలిపోతుంది. హాన్స్, రోజా, పక్కింటి రూడీ, అందరూ పోతారు. రూడీ లీజెల్‌కి ఏదో చెప్పబోతూ మధ్యలోనే ఆగిపోతాడు. మాట పూర్తికాదు. మాట తెగిన చోట సంగీతం కూడా తెగితే? తెగదు. అదే మెత్తని గొంతు, అదే నిదానం. మొదటి మంచు దృశ్యంలో విన్న ఓదార్పే ఇప్పుడూ వినపడుతుంది. అప్పుడే ఓదార్చేశాక ఇప్పుడు కొత్తగా ఇవ్వడానికి ఏముంటుంది? చివర్లో మృత్యువు ఆమె జీవితాన్ని నెమరు వేసుకుంటుంటే ఆర్కెస్ట్రా నిండుగా లేస్తుంది. చక్కగా లేస్తుంది కూడా. కానీ మనం ఆ ఎత్తుకి కథతోపాటు ఎక్కలేదు, సంగీతం మనల్ని మొదటినుంచీ అక్కడే కూర్చోబెట్టింది. మన సినిమావాళ్ల భాషలో చెప్పాలంటే, రీరికార్డింగ్ సీన్‌ని మోయాల్సింది పోయి సీన్ కంటే ముందు నడిచింది.

ఇంకో సంగతి. హాన్స్ అకార్డియన్ వాయిస్తాడు. జెఫ్రీ రష్ ఆ పాత్ర చేశాడు. ఆ ఇంటికి అదే సంగీతం, అదే అతని మంచితనం. కానీ విలియమ్స్ ఆర్కెస్ట్రాలో అకార్డియన్‌ది ముఖ్యపాత్ర కాదు. కథలోని మనుషులు ఒక వాద్యం వింటారు, మనం ఇంకో వాద్యం వింటాం. రెంటికీ మధ్య ఒక గాజుతలుపు ఉన్నట్టుంటుంది. నవల చదివి ప్రేమించినవాడి సంగీతం ఇది. పుస్తకాన్ని బయటినుంచి పట్టుకున్న చేయి.

ఆల్బంగా మాత్రం దీనికి తిరుగులేదు. 22 ట్రాకులు. ‘ది స్నో ఫైట్’లో తీగవాద్యాలు ఒకదాన్నొకటి తరుముకుంటాయి, ‘ఫుట్ రేస్’ ఇట్టే పరిగెత్తి ఇట్టే అయిపోతుంది, చివరి ట్రాకులో థీమ్‌లన్నీ ఒకచోట చేరతాయి. సినిమా చూడకుండా రాత్రిపూట ఇది ఒక్కటీ పెట్టుకుని వినేవాడికి లోటేమీ ఉండదు. ఆ చివరి ట్రాకుకే 2015లో వాద్యరచనకిచ్చే గ్రామీ దక్కింది. అది రచనకిచ్చే బహుమతి, సినిమాలో ఆ రచన ఎలా పనిచేసిందో చూసి ఇచ్చేది కాదు. ఆస్కార్ రాకపోయి గ్రామీ రావడంలో ఒక న్యాయం ఉందని నా అభిప్రాయం, ఆస్కార్ వాళ్లు అంత ఆలోచించి ఉంటారని మాత్రం అనుకోను.

తొమ్మిదేళ్లు గడిచాయి. ‘ఫేబుల్‌మన్స్’ నాటికి విలియమ్స్‌కి 90. ఈసారి ఎదురుచూపుకి ఇంకో రంగు ఉంది. స్పీల్‌బర్గ్ సినిమాకి ఆయన కొత్తగా సంగీతం రాయడం 2017 నాటి ‘ది పోస్ట్’ తర్వాత ఇదే. మధ్యలో ‘రెడీ ప్లేయర్ వన్’ అలన్ సిల్వెస్ట్రీకి పోయింది, ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ ఎటూ బెర్న్‌స్టైన్ సంగీతమే. 2022 వేసవిలో విలియమ్స్ ఇక సినిమాలు మానేయవచ్చని, ‘ఇండియానా జోన్స్’ అయిదో భాగమే చివరిది కావచ్చని అన్నారు. తర్వాత కొద్ది నెలలకే స్పీల్‌బర్గ్ పక్కన కూర్చుని ఆ మాటను వెనక్కి తీసుకున్నారనుకోండి. కానీ ఆ శరదృతువులో అభిమానులు కాచుకున్నది వీడ్కోలు కోసం. 1974లో ‘ది షుగర్‌లాండ్ ఎక్స్‌ప్రెస్’తో మొదలైన జంట, ఆ జంటలో ఒకరి సొంత బాల్యం మీద సినిమా, రెండోవారు తొంభై ఏళ్ల వయసులో రాస్తున్న డ్రామా. ఇంతకంటే కన్నీళ్లకు అనువైన ముహూర్తం ఏముంటుంది? నిండు ఆర్కెస్ట్రా, అయిదు నిమిషాల ముగింపు, గుండె పిండే థీమ్ ఒకటి వస్తాయని అంతా లెక్కేసుకున్నారు.

వచ్చింది అరగంట ఆల్బం. అందులోనూ కొంత భాగం బాఖ్, హైడన్, క్లెమెంటి లాంటి పాతవాళ్లది. విలియమ్స్ సొంతంగా రాసిన ట్రాకులు కొన్నే, అవీ పొట్టివి. ‘ఇంతేనా?’ అన్నది సహజమైన మొదటి మాట. వయసైపోయిందని జాలిపడ్డవాళ్లున్నారు, స్పీల్‌బర్గే సంగీతం వద్దనుకుని ఉంటాడని సర్దిచెప్పుకున్నవాళ్లున్నారు. వయసు మాట నిలవదు. ‘స్టార్ వార్స్’ తొమ్మిదో భాగానికి 87 ఏళ్ల వయసులో ఆయన రాసిన సంగీతం గంటల లెక్కన ఉంది. ఇక్కడ తక్కువ రాయడం ఎంచుకున్నారు. ఆ ఎంపిక ఎక్కడినుంచి వచ్చిందో సినిమా చూస్తే అర్థమవుతుంది.

ఈసారి విలియమ్స్‌కి ముందే తెలిసింది పుస్తకం కాదు, మనుషులు. స్పీల్‌బర్గ్ తల్లి లియా ఆడ్లర్, తండ్రి ఆర్నాల్డ్ ఇద్దరూ ఆయనకు పరిచయస్తులే. లియా పియానో కళాకారిణి, తర్వాత లాస్ ఏంజిలిస్‌లో ‘మిల్కీ వే’ అని రెస్టారెంట్ నడిపింది. ఆమె 2017లో, ఆర్నాల్డ్ 2020లో 103 ఏళ్ల వయసులో పోయారు. సినిమాలో ఆమె మిట్జి అయింది, మిషెల్ విలియమ్స్ చేసింది (ఇంటిపేరు ఒకటే తప్ప చుట్టరికం లేదు). మిట్జి కచేరీ కళాకారిణి కావలసింది, ఇంట్లో మిగిలిపోయింది. ఒకచోట ఆమె వాయిస్తుంటే గోళ్లు మీటలకు తగిలి టకటకమని చప్పుడవుతుంది. ఇంట్లోవాళ్లంతా ఆ గోళ్లు కత్తిరించాలని వెంటపడతారు, ఆమె ఒప్పుకోదు, అదో గోల. చిన్న హాస్యపు సీను. కానీ ఆ టకటక మనకు గుర్తుండిపోతుంది. పియానో అంటే ఈ సినిమాలో ఒక మనిషి వేళ్లు. అది ఒకసారి చెవికెక్కాక ఆ తర్వాత వచ్చే ప్రతి పియానో స్వరం ఆమెదే అనిపిస్తుంది, కథలో ఆమె వాయించినదైనా, విలియమ్స్ రాసినదైనా. రెండిటినీ వాయించింది లాస్ ఏంజిలిస్ ఫిల్హార్మోనిక్ పియానిస్టు జోయన్ పియర్స్ మార్టిన్. ‘బుక్ థీఫ్’లో ఉన్న గాజుతలుపు ఇక్కడ లేదు. కథలోని పియానో ఎక్కడ ఆగిందో, సంగీత దర్శకుడి పియానో ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పలేం.

సినిమాకి గుండెకాయలాంటి దృశ్యం ఒకటుంది. కుటుంబం, తండ్రి స్నేహితుడు బెన్నీతో కలిసి అడవిలో క్యాంపుకి వెళ్లొస్తుంది. కొడుకు సామీ అదంతా కెమెరాతో తీశాడు. ఇంటికొచ్చాక రీలు ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఎడిటింగ్ చేస్తుంటాడు. ఫ్రేము అంచున అమ్మ చేయి, బెన్నీ చేయి. మళ్లీ వెనక్కి తిప్పి చూస్తాడు. ఇంకో ముక్కలో ఇంకొంచెం. అదే సమయంలో ముందు గదిలో మిట్జి పియానో వాయిస్తుంటుంది, భర్త బర్ట్ వింటుంటాడు. కొడుకు తల్లి రహస్యం కనుక్కుంటున్న ఆ కొద్ది నిమిషాలూ నడిచే సంగీతం ఆమెదే. అది బాఖ్ రచన. మార్చెల్లో అనే ఇటలీవాడు ఓబోకి రాసిన కచేరీని బాఖ్ పియానో తరహా వాద్యానికి మలిచినది, దానిలో నిదానంగా సాగే రెండో భాగం.

సరిగ్గా ఇక్కడే విలియమ్స్ ఉండాలి కదా. ఏ సంగీత దర్శకుడైనా ఈ సీను కోసమే సినిమా ఒప్పుకుంటాడు. ఆ అబ్బాయి గుండె పగిలే చోట ఒక థీమ్ పడితే హాలంతా కన్నీరు. విలియమ్స్ పక్కకు తప్పుకున్నారు. తప్పుకోవడం వల్ల ఆ సీనుకు ఏమొచ్చిందంటే, సంగీతానికి ఏమీ తెలియదు. మిట్జికి కొడుకు ఏం చూస్తున్నాడో తెలియదు. బాఖ్‌కి అసలే తెలియదు. సామీకి మాత్రమే తెలుసు, మనకి తెలుసు. రీలు తిరిగే చప్పుడు ఒకవైపు, ఏ పాపమూ ఎరగనట్టు సాగే ఆ స్వరాలు ఇంకోవైపు. సంగీతం బాధపడటం మానేసింది కాబట్టి బాధంతా మన మీద పడింది. ఆ ఇంటి మనుషులతో ఏళ్ల తరబడి పరిచయం ఉండి, అక్కడ ఒక్క స్వరం కలపకుండా ఉండటానికి చాలా నిబ్బరం కావాలి.

ఆయన రాసినవి ఎక్కడ వినపడతాయో అదీ చూడాలి. క్యాంపులో ఒక రాత్రి మిట్జి కారు హెడ్‌లైట్ల వెలుతురులో పలచటి గౌనుతో నాట్యం చేస్తుంది. చూస్తున్నవాళ్లలో ముగ్గురు ముఖ్యం: మొగుడు, మొగుడి స్నేహితుడు, కెమెరా పట్టుకున్న కొడుకు. ఒక్కొక్కరికీ అక్కడ ఒక్కో స్త్రీ కనపడుతోంది. ‘మిట్జీస్ డాన్స్’ ఈ మూడు చూపుల్లో ఏ ఒక్కదాని పక్షమూ వహించదు. పియానో తనలో తాను తిరుగుతుంది, హార్ప్ లాంటి మెరుపు కొంచెం తగులుతుంది, ఆగిపోతుంది. నాట్యం ఆమెది, తీర్పు ఎవరిదీ కాదు. ‘బుక్ థీఫ్’ రాసిన చేయే ఇది, అదే వాద్యం, అదే మెత్తదనం. అక్కడ అది ముందుగానే ఒక ముగింపుకి వచ్చేసింది, ఇక్కడ ఏ ముగింపుకీ రానంటోంది.

ఈ పియానో పలుకు ఆయనకు కొత్తగా పట్టుబడినది కాదు. విలియమ్స్ సంగీత దర్శకుడు కాకముందు హాలీవుడ్ స్టూడియోల్లో పియానో వాయించి బతికారు. 1962 నాటి ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’కి ఎల్మర్ బెర్న్‌స్టైన్ సంగీతం. ఆ సినిమా మొదట్లో ఒక పాప పెట్టెలో దాచుకున్న వస్తువులు కనపడుతుంటే, పిల్లలు ఒక్క వేలితో తడిమినట్టు పియానో పలుకుతుంది. ఆ సినిమాకి పియానో వాయించినది ఆ రోజుల్లో ముప్పై ఏళ్ల జాన్ విలియమ్స్. పిల్లల లోకాన్ని ఒంటి స్వరంతో చెప్పొచ్చన్న పాఠం ఆయన వేళ్లకు అప్పుడే అంటింది. అరవై ఏళ్ల తర్వాత ‘ఫేబుల్‌మన్స్’ థీమ్‌లో ఆ పాఠమే వినపడుతుంది. ‘బుక్ థీఫ్’లోనూ ఉంది, కాకపోతే దాని చుట్టూ తీగవాద్యాల దుప్పటి ఎక్కువ కప్పారు.

మన వినికిడి గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ రెండు సంగీతాలను తెలుగువాడు వినే పద్ధతిలో తేడా ఉంది. ‘ఫేబుల్‌మన్స్’ వచ్చిన నాలుగు నెలలకు, 2023 ఉగాదికి, కృష్ణవంశీ ‘రంగమార్తాండ’ వచ్చింది. సంగీతం ఇళయరాజా, వయసు 79. అదీ కళాకారుడి ఇంటి కథే, అదీ మాటలు బరువుగా ఉన్న డ్రామానే. మనవాళ్లూ కాచుకున్నారు, కానీ కాచుకున్నది పాటల కోసం. రాజాగారి రీరికార్డింగ్ గురించి గంటలకొద్దీ మాట్లాడే అభిమానులకు కూడా అది విడిగా ఆల్బంగా దొరకడం అరుదు. సినిమా ముక్కలు కత్తిరించుకుని, డైలాగుల మధ్యలో, తలుపు చప్పుళ్ల మధ్యలో వినాల్సిందే. దీన్ని మనం ఎప్పుడూ ఒక లోటుగానే చెప్పుకుంటాం. కానీ దానివల్ల మనకొక చెవి అలవడింది. ఫలానా సీనులో ఎక్కడ ఆపాడు, ఎవరి మాట తర్వాత ఎత్తుకున్నాడు అన్నది మన అభిమాని ముందు గమనిస్తాడు. అమెరికాలో విలియమ్స్ అభిమాని ముందు ఆల్బం కొని, థీమ్‌లు కంఠస్థం చేసి, తర్వాత సినిమాకి వెళ్తాడు. అతనికి ‘బుక్ థీఫ్’ నచ్చడం, ‘ఫేబుల్‌మన్స్’ చప్పగా తోచడం వింతేమీ కాదు. రీరికార్డింగ్‌ను సీనుతో కలిపి వినడానికి అలవాటుపడ్డ చెవికి లెక్క తారుమారవుతుంది.

‘ఫేబుల్‌మన్స్’కి లోపాలు లేకపోలేదు. ‘న్యూ హౌస్’ లాంటి ట్రాకులు వచ్చి వెళ్లిపోతాయి, తర్వాత గుర్తుండవు. కుటుంబం కాలిఫోర్నియా చేరాక, స్కూలు గొడవల భాగంలో విలియమ్స్ ఉనికి బాగా పలచబడుతుంది. ఆ గంట సినిమా మిగతాదానికంటే తేలిగ్గా అనిపించడంలో ఆయన లేకపోవడానికీ కొంత వాటా ఉంది. అక్కడ ఊరుకోవడం వ్యూహమో, పని తగ్గించుకోవడమో తేల్చడం కష్టం. ఊరుకున్న ప్రతిచోటా గొప్పతనం వెతకడం అభిమానికి ఉండే ఇంకో జబ్బు. చివర్లో సామీ హాలీవుడ్‌లో ముసలి జాన్ ఫోర్డ్‌ను కలుస్తాడు. డేవిడ్ లించ్ ఆ పాత్రలో చుట్ట పొగతో, నాలుగు కసుర్లతో కొద్ది నిమిషాల్లో చంపేశాడు. కుర్రాడు గెంతుకుంటూ స్టూడియో వీధిలో పడతాడు. అప్పుడు ‘ది జర్నీ బిగిన్స్’ వస్తుంది. చలాకీగా, కొంచెం అల్లరిగా ఉంటుంది. వీడ్కోలు కోసం రుమాలు సిద్ధం చేసుకున్నవాళ్లకు అది అసలు మింగుడుపడలేదు. నాకు మాత్రం ఆ అల్లరే సరైన లెక్క అనిపిస్తుంది. ఆ కుర్రాడు ఇంకా హాలీవుడ్ సినిమా ఏదీ తీయలేదు, అతనికి విలియమ్స్ ఇంకా పరిచయమే కాలేదు. ఆ వీధిలో నడుస్తున్నవాడికి ముందున్న యాభై ఏళ్లూ తెలిసినట్టు ఆర్కెస్ట్రా ఉప్పొంగితే మళ్లీ ‘బుక్ థీఫ్’ పద్ధతే అయ్యేది.

అభిమానులకు వాళ్లడిగింది 2023లో దొరికింది. ‘ఇండియానా జోన్స్’ అయిదో భాగంలో ‘హెలెనాస్ థీమ్’. పొడుగాటి రాగం, పాత హాలీవుడ్ వగలు, పక్కన వయొలిన్‌కి ఆన్-సోఫీ ముట్టర్. ‘బుక్ థీఫ్’కి వచ్చిన వాద్యరచన గ్రామీయే దానికీ వచ్చింది. అదే గ్రామీల్లో సినిమా సంగీతం నామినేషన్లలో ‘ఫేబుల్‌మన్స్’, ‘ఇండియానా జోన్స్’ రెండూ ఉన్నాయి, రెండూ ‘ఓపెన్‌హైమర్’కి ఓడాయి. ‘ఫేబుల్‌మన్స్’కి పొడిగించిన ఆల్బం వేయమని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వేసినా అందులో కొత్తగా చేర్చడానికి పెద్దగా ఏమీ ఉండదు. వాళ్లు వెతుకుతున్న నిమిషాలు ఆయన రాయనేలేదు.